వీసీకి వీడ్కోలు: ముడి పడింది 1966లోనే

పదవి దిగిపోయే వైస్ ఛాన్సలర్‌ను ఎలా సాగనంపాలి? శాలువా, జ్ఞాపికతో సరిపెట్టాలా, టాగోర్ ఆడిటోరియంలో పెద్ద సభ పెట్టాలా, ఏదైనా భవనానికి ఆయన పేరు పెట్టాలా? ఉస్మానియాలో ఈ తగవు మళ్లీ నలుగుతోంది. పైకి చూస్తే ఇది సన్మానం ఖర్చు గురించిన గొడవ. లోపల ఉన్నది మాత్రం వీసీ అసలు ఎవరి మనిషి అన్న పాత పేచీయే.

1918, నిజాం ఫర్మానా, ఉర్దూ మాధ్యమం, ఆర్ట్స్ కాలేజీ భవనం లాంటివి ఫౌండేషన్ డే ఉపన్యాసాల్లో అందరూ వినేవే కాబట్టి వదిలేద్దాం. ఇప్పటి తగవుకు మూలం 1966లో ఉంది.

అప్పుడు ఉస్మానియా వీసీ డి.ఎస్.రెడ్డి. 1964 ఏప్రిల్ 30 నుంచి అయిదేళ్లకు ఆయన్ని మళ్లీ నియమించారు. అంటే 1969 దాకా గడువు ఉంది. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం 1965 చివర్లో ఉస్మానియా చట్టానికి సవరణ బిల్లు తెచ్చింది. యూనివర్సిటీ స్వేచ్ఛకు గండి కొడుతున్నారంటూ దానిపై గట్టి నిరసన వచ్చింది. చివరికి 1966లో చట్టమైన సవరణలో ఒక మంచి, ఒక చెడు మిగిలాయి. దుష్ప్రవర్తన లేదా అసమర్థత ఉంటేనే, అదీ జడ్జి స్థాయి వ్యక్తితో విచారణ చేయించాకే వీసీని తొలగించాలన్నారు. ఇది మంచి. ఇక చెడు సంగతి, వీసీ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కోసేశారు.

అక్కడితో ఆగి ఉంటే కథ వేరేలా ఉండేది. అదే ఏడాది ఇంకో సవరణ తెచ్చి 13-ఎ అనే సెక్షన్ చేర్చారు. అప్పటికే వీసీగా ఉన్న వ్యక్తి, కొత్త వీసీ వచ్చేదాకా మాత్రమే ఉంటాడు. ఆ కొత్త నియామకం 90 రోజుల్లో జరిగిపోవాలి. అప్పటికే వీసీగా ఉన్న వ్యక్తి ఒక్కడే. రాష్ట్ర శాసనసభ ఒకే ఒక్క మనిషిని ఇంటికి పంపడానికి చట్టం చేసిందన్నమాట. పేరు రాయలేదు, అంతే తేడా.

డి.ఎస్.రెడ్డి కోర్టుకెళ్లారు. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. పదవీకాలం, నియామక పద్ధతి రెండూ మారాయి గనక పాత నియామకానికి ఏదో ఒక ఏర్పాటు తప్పదని ప్రభుత్వం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. రేపు రాబోయే వీసీకి విచారణ రక్షణ ఇచ్చి, ఇవాళ కుర్చీలో ఉన్న వీసీకి లేదనడం ఏం న్యాయం? ఇద్దరూ వీసీలే కదా. ఈ తేడా రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమని 1967లో 13-ఎను కొట్టేసింది. చట్టం ముందు సమానత్వం చెప్పుకునేటప్పుడు లా విద్యార్థులు ఇప్పటికీ చదివే కేసుల్లో ఇదొకటి.

ఈ గెలుపును తలుచుకునేవాళ్లు రెండో సగాన్ని మర్చిపోతారు. కోర్టు కొట్టేసింది 13-ఎను. మూడేళ్ల గడువు అలాగే ఉండిపోయింది. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టమూ దాన్నే ఉంచింది. సెర్చ్ కమిటీ ముగ్గురి పేర్లు ఇస్తుంది, అందులో ఒకరు మూడేళ్లకు వీసీ అవుతారు. మొదటి ఏడాది పనులు అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. చివరి ఏడాది, మరో ఛాన్స్ కోసం సచివాలయం వైపు చూపులు. మధ్యలో మిగిలిన ఒక్క ఏడాదిలో ఏం చేశారని శాలువా కప్పాలి?

దిగిపోయే వీసీ చార్జ్ ఇచ్చేదీ పలుసార్లు తర్వాతి వీసీకి కాదు. 2019 జులైలో గడువులు ముగిశాక ఉస్మానియాతో పాటు తెలంగాణలోని చాలా యూనివర్సిటీలు దాదాపు రెండేళ్లు ఇన్‌చార్జి ఐఏఎస్‌ల చేతిలో నడిచాయి. కొత్త వీసీలు వచ్చింది 2021 మేలో. వాళ్ల గడువు 2024 మేలో ముగిస్తే మళ్లీ అదే తంతు, అక్టోబరు దాకా. ప్రభుత్వం మారినా పద్ధతి మారలేదు.

సన్మానం కావాలనేవాళ్ల మాట కొట్టిపారేయాల్సింది కాదు. పెద్దాయన్ని గౌరవంగా పంపడం సంస్థకు మర్యాద అంటారు, నిజమే. కానీ ఏం చేశారని ఈ సన్మానం అనే అవతలి వాళ్ల ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. క్లాసులు నడిపిస్తున్నది ఎక్కువగా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ లెక్చరర్లు. వాళ్లలో ఏళ్ల తరబడి రెగ్యులరైజేషన్ కోసం ఎదురుచూసి, అలాగే రిటైరవుతున్నవాళ్లకు ఏ వీడ్కోలు సభా లేదు. 2022లో 15 యూనివర్సిటీలకు ఉమ్మడి నియామక బోర్డు అంటూ బిల్లు పాస్ చేస్తే అది రాజ్‌భవన్‌లో ఇరుక్కుంది. ఖాళీల పాపమంతా ఒక్క వీసీది కాదు, నిజమే. అలాగని గొప్పలన్నీ ఆయన ఖాతాలోనే వేయడం ఎలా కుదురుతుంది?

పేరు పెట్టడం విషయంలో ఉస్మానియాలోనే మంచి ఉదాహరణ ఉంది. జి.రామిరెడ్డి 1977 నుంచి 1982 దాకా వీసీ. కరస్పాండెన్స్ కోర్సులు మొదలైంది ఆయన హయాంలోనే. తర్వాత దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, 1985లో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం)కూ మొదటి వీసీ అయ్యారు. యూజీసీ చైర్మన్ కూడా. ఇవాళ ఉస్మానియా దూరవిద్యా కేంద్రం ఆయన పేరుతోనే ఉంది. దాని మీద ఎవరూ గొడవపడరు. అడ్మిషన్ ఫారం నింపే ప్రతి విద్యార్థికీ ఆ పేరు అక్కడ ఎందుకుందో ఆ కోర్సే చెబుతుంది.

ఇప్పుడు ఎవరి పేరైనా పెట్టాలంటే పాలక మండలి తీర్మానం చేయాలి. ఆ మండలిలో సభ్యుల్ని నామినేట్ చేసేది ప్రభుత్వం. దానికి అధ్యక్షుడు వీసీయే.