ఐదింటి బెల్లు, సెల్లారు సంపు

ఇంటర్ బైపీసీ చదువుతున్న ఒక అమ్మాయి పంపిన ప్రశ్న ఇది. "మా హాస్టల్లో రాత్రి పదకొండుకి లైట్లు ఆపేస్తారు. పన్నెండు దాకా నిద్ర పట్టదు. పొద్దున ఐదుకి బెల్లు. మొదటి స్టడీ అవర్‌లో పుస్తకం మీదే పడి నిద్రపోతాను. వార్డెన్ సార్ బద్ధకం అంటారు. అమ్మ సెల్‌ఫోన్ వల్లే అంటుంది, కానీ హాస్టల్లో ఫోన్లు ఇవ్వరు. ఎన్నింటికి పడుకున్నానో, ఎన్నింటికి లేచానో జువాలజీ నోట్సు వెనక రాసుకుంటున్నాను. నాకేమైనా జబ్బా?"

జబ్బు కాదమ్మా. కానీ నీ ప్రశ్న కన్నా ఆ నోట్సు వెనక పేజీ నాకు ఎక్కువ నచ్చింది. ఫోన్ కారణమైతే ఫోన్ లేని చోట నిద్ర పట్టాలి కదా అని నీ అంతట నువ్వే ఒక కారణాన్ని పరీక్షించి పక్కన పెట్టేశావు. ప్రాక్టికల్ రికార్డులో సీనియర్ల రీడింగులు దించి మార్కులు తెచ్చుకునే రోజుల్లో ఇది మామూలు విషయం కాదు.

టీనేజీ నిద్ర గురించి మనకు తెలిసినదాంట్లో మంచి భాగం ఇలాంటి సొంత కుతూహలంతోనే మొదలైంది. 1963 డిసెంబరు చివర్లో అమెరికాలోని శాన్ డియేగోలో ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ కుర్రాడు, స్కూలు సైన్స్ ఫెయిర్ కోసం నిద్రపోకుండా ఎన్నాళ్ళు ఉండొచ్చో చూద్దామనుకున్నాడు. మేలుకునేది ఎవరో, రాసుకునేది ఎవరో తేల్చడానికి స్నేహితులు నాణెం ఎగరేసుకున్నారు. పేపర్లో ఈ వార్త చూసి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి విలియం డిమెంట్ అనే నిద్ర పరిశోధకుడు పరుగున వచ్చాడు. గార్డ్‌నర్ 264 గంటలు, అంటే 11 రోజులు మేలుకున్నాడు. నాలుగో రోజుకే వీధిలోని బోర్డు మనిషిలా కనిపించింది. చివరి రోజున 100 నుంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే 65 దగ్గర ఆగిపోయాడు. ఎందుకు ఆగావంటే, ఏం చేస్తున్నానో మర్చిపోయానన్నాడు. తర్వాత 14 గంటలకు పైగా నిద్రపోయి బాగానే లేచాడు. అయితే పెద్దవాడయ్యాక నిద్ర పట్టక చాలా అవస్థ పడ్డానని అతనే చెప్పాడు. ఆ ప్రయోగానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. అయినా మీరు మాత్రం ఆ పని చేయొద్దు. మన ఆడవాళ్ళు పాడుకునే కథలో లక్ష్మణుడి పద్నాలుగేళ్ళ నిద్రను ఊర్మిళాదేవి తన మీద వేసుకుంటుంది. మనకు ఆ ఏర్పాటు లేదు, ఎవరి నిద్ర వాళ్ళే పోవాలి.

ఈ డిమెంట్ శిష్యురాలే మేరీ కార్స్‌కాడన్. 1976 నుంచి ఆమె స్టాన్‌ఫర్డ్‌లో ఏటా వేసవిలో పిల్లలకు నిద్ర శిబిరం పెట్టింది. పది పన్నెండేళ్ళ వయసులో చేరిన పిల్లలు ఏటేటా మళ్ళీ వచ్చేవాళ్ళు. రాత్రి పది నుంచి ఉదయం ఎనిమిది దాకా పడుకోనిచ్చి, తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి ఎంతసేపు నిద్రపోయారో కొలిచేవాళ్ళు. వయసు పెరిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళు. తీరా చూస్తే పెద్ద పిల్లలు కూడా తొమ్మిది గంటలకు పైగానే నిద్రపోయారు. పైగా అంత నిద్రపోయినా, ఈడుకొచ్చిన పిల్లలకు పగటిపూట మత్తు ఇంకా ఎక్కువైంది.

ఎందుకిలా? నాకు ఎంత తలుచుకున్నా విసుగు రాని విషయం ఇదే. అపార్ట్‌మెంటు సెల్లారులో ఊట నీళ్ళు చేరే సంపును ఊహించుకోండి. పగలంతా ఊట వచ్చి చేరుతూనే ఉంటుంది. నిండేకొద్దీ తోడెయ్యాల్సిన తొందర పెరుగుతుంది. రాత్రి మోటారు వేస్తే, అంటే నిద్రపోతే, తెల్లారేసరికి సంపు ఖాళీ. మెదడులో ఈ ఊటలో ముఖ్యమైనది అడెనోసిన్. నాడీకణాలు ఏటీపీ అనే ఇంధనం ఖర్చు పెడుతుంటే మిగిలే పదార్థమిది. మేలుకున్న కొద్దీ పేరుకుని, మనల్ని మేలుకొలిపి ఉంచే కణాల జోరు తగ్గిస్తుంది. నిద్రలో తగ్గిపోతుంది.

అయితే ఈ మోటారు త్రీఫేజ్ కరెంటు మీద నడిచే రకం. ఆ కరెంటుకు ఒక వేళ ఉంది, మనం అడిగినప్పుడు రాదు. వేళ నిర్ణయించేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో, కళ్ళ నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి సరిగ్గా పైన ఉన్న కొన్ని వేల కణాల గుంపు. అదే మన జీవ గడియారం. చీకటి పడ్డాక అది, రాత్రయిందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్‌ను వదలమని పీనియల్ గ్రంథికి కబురు పెడుతుంది. సంపు, కరెంటు అనే ఈ రెండు అంచెల లెక్కను స్విట్జర్లాండ్‌లో అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించాడు. ఈనాటికీ నిద్ర శాస్త్రమంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

ఇప్పుడు సంపు సొంతదారుకు పదహారేళ్ళు వచ్చాయనుకోండి. ఊట నెమ్మదిస్తుంది. పదేళ్ళప్పుడు రాత్రి తొమ్మిదికే నిండిపోయే సంపు ఇప్పుడు పదకొండైనా నిండదు. అందుకే టీనేజర్లు ఎంత రాత్రయినా మేలుకోగలరు. కానీ మోటారు హార్స్‌పవర్ మాత్రం ఏమీ పెరగదు. గాఢనిద్రలో మెదడు తరంగాలు తగ్గుతూ వచ్చే వేగాన్ని కొలిస్తే చిన్న పిల్లల్లోనూ పెద్ద పిల్లల్లోనూ ఒకేలా ఉందని 2005 ప్రాంతంలో కార్స్‌కాడన్ బృందం తేల్చింది. నిండడం ఆలస్యమైంది, తోడటం త్వరపడలేదు. ఇంకేముంది, పడుకునే వేళ వెనక్కి పోయింది, పడుకోవలసిన గంటలు అలాగే ఉన్నాయి.

దీనికి తోడు త్రీఫేజ్ కూడా ఆలస్యంగా వస్తుంది. మసక వెలుతురులో పిల్లల్ని కూర్చోబెట్టి, అరగంటకోసారి లాలాజలం తీసి మెలటోనిన్ ఎప్పుడు పెరుగుతోందో కొలిస్తే, యుక్తవయసు ముదిరేకొద్దీ ఆ వేళ వెనక్కి జరుగుతోందని తెలిసింది. గంట, రెండు గంటల దాకా జరగొచ్చు. మామూలుగా నిద్రపట్టే వేళకు ముందు రెండు మూడు గంటలు గడియారం మనల్ని ఇంకా గట్టిగా మేలుకొలిపి ఉంచుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త పెరెట్జ్ లావీ దానికి నిద్ర నిషిద్ధ వేళ అని పేరు పెట్టాడు. రాత్రి పన్నెండుకి నిద్రపట్టే పిల్లని పదింటికే పడుకోబెట్టడమంటే సరిగ్గా ఆ నిషిద్ధ వేళలో మోటారు స్విచ్ నొక్కడమే. స్విచ్ ఎంత నొక్కినా లైనులో కరెంటు లేదు. ఆ అమ్మాయి లైట్లు ఆపాక గంటసేపు ఫ్యాను వంక చూస్తూ ఉండటానికి కారణం అదే. ఈ జరుగుబాటు ఈ తరం వ్యవహారం కూడా కాదు. ఈడుకొచ్చిన కోతుల్లోనూ, కొన్ని ఎలుక జాతుల్లోనూ ఇలాంటి మార్పు చూశారు. వాటికి రీల్స్ చూసే అలవాటు లేదు. అలాగని ఫోన్ నిర్దోషి కాదు. రాత్రి వెలుతురు, ముఖ్యంగా నీలి వెలుతురు, గడియారాన్ని ఇంకాస్త వెనక్కి నెడుతుంది. వెనక్కి జరిగిన కరెంటు వేళను అది ఇంకా వెనక్కి జరుపుతుంది, అంతే.

కాఫీ, టీ తాగితే సంపులో నీళ్ళు తగ్గవు. కెఫీన్ వెళ్ళి అడెనోసిన్ అతుక్కోవలసిన చోట తాను కూర్చుంటుంది. అంటే నీటి మట్టం చూపే ఎర్ర లైటు మీద ప్లాస్టర్ అంటించడం లాంటిది. పెద్దవాళ్ళలో తాగినదాంట్లో సగం కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి స్నాక్స్ టైములో తాగిన కాఫీ లైట్లు ఆపే వేళకు ఇంకా సగం మిగిలే ఉంటుంది.

ఇక ఐదింటి బెల్లు. పన్నెండుకి వచ్చిన కరెంటును ఐదుకి పీకేస్తే సంపు ఖాళీ అవదు. మిగిలిన నీటి మీదే కొత్త ఊట చేరుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఈమెకు దొరుకుతున్నది ఐదు.

పోయేది గంటలు మాత్రమే కాదు. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ. కలలు జోరుగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారుజామున దట్టంగా వస్తుంది. ఎనిమిది గంటల నిద్రలో చివరి రెండు కోసేస్తే గడియారం లెక్కన పావు వంతే పోయినట్టు, రెమ్ లెక్కన మాత్రం అంతకు మించి పెద్ద వాటా పోయినట్టు. 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో కార్స్‌కాడన్ ఉదయం 7:20కే బడి మొదలయ్యే పదో తరగతి పిల్లల్ని పరీక్షించింది. ఎనిమిదిన్నరకు చీకటి గదిలో పడుకోమంటే దాదాపు సగం మంది నేరుగా రెమ్‌లోకి జారిపోయారు. డాక్టర్లు అలాంటిది నార్కోలెప్సీ, అంటే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు ఉన్న రోగుల్లో చూస్తారు. ఆ పిల్లలకు ఏ రోగమూ లేదు. వాళ్ళ రాత్రి ఇంకా అయిపోలేదు, అంతే.

హాస్టల్ దయ్యాల కథల్లో కూడా కొన్ని ఇక్కడ పుట్టినవే. రెమ్‌లో ఒంటి కండరాలు దాదాపు అన్నీ సడలి కదలకుండా ఉంటాయి, లేకపోతే కలలో పరిగెత్తినవాడు మంచం మీద నుంచి పడతాడు. నిద్ర చాలనప్పుడు, వేళలు అటూ ఇటూ అయినప్పుడు, ఒక్కోసారి మెలకువ ముందొచ్చి కండరాలు ఆ తర్వాత తేరుకుంటాయి. కళ్ళు తెరిచే ఉంటాయి, చెయ్యి లేవదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. ఈ అనుభవం మొదటిసారి టీనేజీలో ఎదురవడం మామూలే. తాయెత్తు కట్టించిన వాళ్ళకు తగ్గినట్టు అనిపిస్తే, సెలవులకు ఇంటికెళ్ళి కడుపునిండా నిద్రపోయారేమో అడగండి.

బ్రాహ్మీ ముహూర్తంలో చదివింది తలకెక్కుతుందనే మాట కాలేజీ వాళ్ళకు బాగా పనికొస్తోంది. సంప్రదాయం లెక్కలో అది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యుడు ఆరూ ముప్పావు దాటాక గానీ రాడు. అంటే ముహూర్తం ఐదుంబావు దరిదాపుల్లో మొదలవుతుంది. ఐదింటి బెల్లు దానికన్నా ముందే మోగుతోంది! పైగా ఆ వేళకు లేచిన మన తాతలు దీపం పెట్టిన కాసేపటికే పడుకున్నవాళ్ళు. వాళ్ళ లేచే వేళ మాత్రం తీసుకుని పడుకునే వేళ వదిలేశాం.

నెలల తరబడి నిద్ర చాలని టీనేజర్లలో దిగులు, బరువు పెరగడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో ఏది కారణం, ఏది ఫలితం అన్న చిక్కుముడి పూర్తిగా విప్పడం తేలిక కాదు. దిగులు వల్ల కూడా నిద్ర పోతుంది కదా. కానీ వేళ మారిస్తే ఏమవుతుందో చూసినవాళ్ళున్నారు. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ళను 7:50 నుంచి 8:45కి జరిపారు. మార్పుకు ముందూ తర్వాతా పిల్లల చేతికి కదలికలు నమోదు చేసే పట్టీలు కట్టి చూస్తే రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. గంట ఇస్తే ఇంకో గంట ఎక్కువ మేలుకుంటారన్న పెద్దల భయం నిజం కాలేదు. కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది. 2022 జూలై నుంచి అక్కడ చాలావరకు హైస్కూళ్ళు ఎనిమిదిన్నరకు ముందు మొదలవకూడదు. వాళ్ళకు స్కూలు బస్సుల వేళలన్నీ మార్చడం పెద్ద తలనొప్పి అయింది. పైన గదులు, కింద క్లాసులు ఉన్న మన హాస్టళ్ళకు ఆ బాధ కూడా లేదు. బెల్లు కొట్టే మనిషికి ఇంకో టైము చెబితే సరిపోతుంది. ర్యాంకుల ఫ్లెక్సీలకు పెట్టే శ్రద్ధలో కాస్త దీనికి పెట్టొచ్చు.

ఇక నోట్సు వెనక పేజీకి ఒక గడి కలుపు. హాస్టల్లో పన్నెండు నుంచి ఐదు అయితే నిద్రకు నడిమి వేళ రెండున్నర. ఇంటికెళ్ళాక ఒంటిగంట నుంచి తొమ్మిది అయితే నడిమి వేళ ఐదు. తేడా రెండున్నర గంటలు. మనకూ కువైట్‌కూ ఉన్న తేడా సరిగ్గా అంతే. సెలవు దొరికినప్పుడల్లా ఒళ్ళు కువైట్ టైముకు వెళ్ళి, తిరిగి రాగానే ఐదింటి బెల్లు వింటోందన్నమాట. దీనికి జర్మనీకి చెందిన టిల్ రోనెబర్గ్ బృందం సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. ఆదివారం ఎక్కువసేపు పడుకుంటే సంపు కొంత ఖాళీ అవుతుంది, నిజమే. కానీ పొద్దున్నే పడాల్సిన వెలుతురు కళ్ళ మీద పడకపోవడంతో గడియారం ఇంకా వెనక్కి జరిగి, ఆ రాత్రి నిద్ర మరీ ఆలస్యమవుతుంది. గంటో రెండు గంటలో ఎక్కువ పడుకుని, లేవగానే డాబా మీదకో వాకిట్లోకో వెళ్ళడం మేలు.

ఖర్చు లేని ప్రయోగం ఇంకొకటి ఉంది. డిమెంట్‌కు గురువైన నథానియెల్ క్లైట్‌మన్ పేరు మీద చెప్పుకుంటారు. మధ్యాహ్నం గది చీకటి చేసి, మంచం అంచున పడుకో. కింద స్టీలు పళ్ళెం పెట్టి, దానికి సరిగ్గా పైన చేతిలో చెంచా వేలాడేలా పట్టుకో. టైము చూసి కళ్ళు మూసుకో. నిద్రలోకి జారగానే వేళ్ళు సడలి చెంచా పళ్ళెం మీద పడుతుంది, ఆ చప్పుడుకు లేచి మళ్ళీ టైము చూడు. పదిహేను నిమిషాలు దాటినా పడకపోతే నిద్ర బాకీ పెద్దగా లేనట్టు. ఐదు నిమిషాల్లోపే పడితే బాకీ బాగా పేరుకున్నట్టు. ఒక్కసారి చూసి తేల్చేయకు. వేరువేరు రోజుల్లో అదే వేళకు చేసి, అన్నీ రాసుకో. సెలవుల్లో మొదటి వారంలో ఒకసారి, బాగా నిద్రపోయాక చివర్లో ఒకసారి చేసి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆ రోజు పొద్దున్నుంచీ టీ, కాఫీ మాత్రం ముట్టుకోకూడదు. పళ్ళెం కింద చాప ఉంటే చప్పుడు సరిగా రాదు, బండ మీదే పెట్టు.