చెట్లు నాటితే అడవి బాగుపడుతుందా? వన్యప్రాణి రక్షణపై అపోహలు - వాస్తవాలు

నంద్యాల, కడప జిల్లాల గడ్డి నేలల్లో, ముళ్లపొదల అడవుల్లో పక్షుల సర్వేలు చేయడం నా పని. ఊళ్లలో, కాలేజీల్లో ఎక్కడ మాట్లాడినా తరచూ ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి వల్ల జరుగుతున్న నష్టం కళ్లారా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: వన్యప్రాణులు బతకాలంటే ఖాళీ జాగాల్లో చెట్లు నాటాలి.

వాస్తవం: గడ్డి నేలల్లో ఇది మేలు కాదు, చేటు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. బట్టమేక చెట్టెక్కే పక్షి కాదు. నేల మీదే, సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. నక్కో కుక్కో వస్తుంటే దూరం నుంచే పసిగట్టి తప్పుకోవాలి. అలాంటి చోట వరసగా చెట్లు పెంచితే దాని చూపుకు అడ్డం. పైగా గుడ్ల కోసం కాచుకునే కాకులకు మంచి కొమ్మ దొరికినట్టే. రికార్డుల్లో 'బీడు' అని రాసుకున్న నేల ఈ పక్షికి పుట్టిల్లు. దయచేసి అక్కడ హరితహారాలు వద్దు.

కడప జిల్లా లంకమల కొండల అంచుల్లోని కలివికోడి అనే అరుదైన పక్షిదీ ఇదే కథ. చిక్కటి అడవిలో ఇమడదు, బోడి నేలలోనూ ఇమడదు. రేగు, కలివి, తుమ్మ పొదలు ఎడంగా పెరిగి, మధ్యలో మట్టి కనిపిస్తుండాలి. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న చోట్లే దానికి నచ్చుతాయని పరిశోధనల్లో తేలింది.

అపోహ: మేకల్నీ బర్రెల్నీ పూర్తిగా ఆపేస్తే చాలు.

వాస్తవం: జాతీయ ఉద్యానవనంలో పశువుల మేతను చట్టం ఒప్పుకోదు. అభయారణ్యంలో మాత్రం నియంత్రణతో అనుమతించే వీలుంది. కలివికోడికి కావలసిన ఖాళీలు మిగిలేది కొంతవరకు ఈ మేత వల్లే. మందలు అసలే రాకపోతే పొదలు కమ్ముకుంటాయి. మితిమీరి మేపినా, వంటచెరకుకు నరికినా పొదలే మిగలవు. ఎంత మేపాలో కాపరులతో కూర్చుని తేల్చుకోవాలి. ఆ నేల గురించి వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు.

అపోహ: కనబడడం లేదంటే అంతరించినట్టే.

వాస్తవం: 1900 తర్వాత దశాబ్దాల పాటు కలివికోడిని చూసినట్టు ఒక్క రికార్డూ లేదు. పోయిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో, స్థానిక వేటగాడి సాయంతో మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పక్షి, పగలు వెతికితే ఏం కనబడుతుంది? అందుకే జల్లించిన మెత్తటి మట్టిని పొదల మధ్య సన్నటి పట్టీలుగా పరుస్తారు. తెల్లారాక ఆ మట్టి మీద అడుగులు చూస్తారు. కలివికోడికి వెనక వేలు ఉండదు, ముందు మూడే. తీతువు అడుగుతో పొరబడే ప్రమాదం ఉంది గనుక పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, కొలిచాకే లెక్కలోకి తీసుకుంటారు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి నేలను తాకినప్పుడు, అది అక్కడే ఉందని చెప్పే ఆధారాలు చేతిలో ఉండబట్టే కాలువ దారి మార్చగలిగారు.

అపోహ: అభయారణ్యం ప్రకటిస్తే రక్షణ వచ్చేసినట్టే.

వాస్తవం: రోళ్లపాడు విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్లు దాటి కొంచెమే. బట్టమేక మేతకు చుట్టూ ఉన్న మెట్ట చేలకూ వెళ్లేది. నీటి వసతి పెరిగి పంటలు మారేసరికి ఆ చేలు దానికి పనికిరాకుండా పోయాయి. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది దానికి సరిగా కనబడదు, కరెంటు తీగ కనిపించేసరికే ఆలస్యమవుతుంది. లోపల రక్షణ దొరికిన కృష్ణజింకలు మాత్రం పెరిగి చేల మీద పడ్డాయి. పంట పోయిన రైతుకు కోపం అభయారణ్యం మీదే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పరిహారం మళ్లీ విత్తనం వేసే లోపు చేతికందాలి. గస్తీ, కంచెల కన్నా ముందు బడ్జెట్‌లో దానికి డబ్బు కేటాయించాలి.