సాగర్‌లో 150 టీఎంసీలున్నాయి, యాసంగి వరి వేయవచ్చా?

నవంబరు వస్తే నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. హైదరాబాదులో కూర్చుని కృష్ణా పరీవాహక ప్రాంతపు నీటి లెక్కలు కట్టడం నా పని. అందుకని మిర్యాలగూడ వైపు చుట్టాలందరికీ నీటిపారుదల శాఖ నేనే. మొన్న చిన్నాన్న అడిగాడు: "సాగర్‌లో 150 టీఎంసీలున్నాయని టీవీలో చెప్పారు. నారు పోయమంటావా?" (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు.)

అపోహ: జలాశయంలో కనిపించే నీరంతా పొలానికి వస్తుంది.

వాస్తవం: రాదు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అప్పటి నిల్వ సుమారు 312 టీఎంసీలు. కనీస మట్టం 510 అడుగులు. అక్కడికి దిగాక కూడా దాదాపు 130 టీఎంసీలు ఉంటాయి గానీ, సాగు లెక్కలో అవి లేనట్టే. అంటే చిన్నాన్న విన్న 150లో చేతికొచ్చేవి 20. అందులో ఎండకు ఆవిరయ్యేది కొంత, కాలువ గట్లు తాగేది కొంత. పైగా హైదరాబాదు ఉంది. నగరానికి తాగునీరిచ్చే కృష్ణా పథకం మూడు దశలకూ కలిపి ఏడాదికి 16 టీఎంసీల దాకా కావాలి, తాగునీటి తర్వాతే సాగు. మట్టం 510 దిగినా సాగర్ నీటిని తోడే పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టి నగరానికి తోడతారు. పొలానికి అలా తోడరు. ఇక మిగిలినదాంట్లో ఒక్కో టీఎంసీకి మహా అయితే ఆరు వేల ఎకరాల వరి, ఆరుతడి పంటలైతే పది వేల ఎకరాలు.

కొన్నేళ్ల కిందట ఇదే ప్రశ్నకు "పైనుంచి వస్తుందిలే, చూద్దాం" అన్నాను. రాలేదు. పొట్ట దశలో తడి అందక పైరు ఎండితే గేదెలను తోలారు. చిన్నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, ఆ సంక్రాంతికీ బియ్యం పంపాడు. అప్పటి నుంచి నేను "చూద్దాం" అనడం మానేశాను.

అపోహ: కరెంటు తీస్తే నీటిలో సారం పోతుంది.

ఇంకా ఈ మాటేనా! టర్బైను నీటిని తాగదు, పడే నీటి ఊపునే వాడుకుంటుంది. శ్రీశైలంలో కరెంటు తీసి వదిలిన నీరు సాగర్‌కే చేరుతుంది. రెండు రాష్ట్రాల తగాదా అంతా ఎప్పుడు వదిలారన్నదాని మీదే. శ్రీశైలం మట్టం 854 అడుగుల కిందికి జారితే రాయలసీమకు నీరు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడు తూములకు నీరు సరిగా అందదు. రాయలసీమ వారి బెంగ ఉత్తది కాదు.

అపోహ: ఎత్తిపోతలుండగా కరవేమిటి?

ఒక్క టీఎంసీని వంద మీటర్లు ఎత్తాలంటే దాదాపు కోటి యూనిట్ల కరెంటు కావాలి. ఆ బిల్లు ఎవరో ఒకరు కట్టాలి.

అపోహ: సముద్రంలో కలిసేది వృథా.

చుక్క కూడా వదలకపోతే డెల్టా పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కుతుంది. చాలు.

చిన్నాన్నకు చెప్పాను: బోరు నిలకడగా పోసినంత మేరకే వరి, మిగతాది మినుము. "పక్క చేనువాళ్లు నారు పోసేశారురా" అన్నాడు నీరసంగా. కాసేపాగి, ఆ 150లో 130 తీసేసే లెక్క కాగితం మీద రాసి వాట్సాప్‌లో పెట్టమన్నాడు. వాళ్లకు చూపిస్తాడట.