బడి తేదీ గొడవ మొదలైంది మార్చి 21న

జూన్ రెండో వారం దగ్గరపడగానే సెలవులు పొడిగించాలా వద్దా అనే గొడవ మళ్లీ లేచింది. సీబీఎస్ఈ స్కూళ్లలో ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలైపోయింది, మన పిల్లలు వెనకబడిపోతున్నారని కొందరంటారు. ఈ ఎండల్లో బడేంటని మిగతావాళ్లు. వేసవి సెలవుల పాత చరిత్ర అందరికీ తెలిసిందే, అక్కడికి వెళ్లను. నాకైతే ఇదంతా 2016 మార్చి 21 దగ్గర ముడిపడి ఉందనిపిస్తుంది.

ఆ ఏడాది తెలంగాణ ప్రభుత్వం పరీక్షలు అవగానే, మార్చి 21నే కొత్త విద్యా సంవత్సరం మొదలుపెట్టింది. నెల రోజులు పాఠాలు చెప్పి, ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి, జూన్‌లో మళ్లీ తెరవాలని ప్లాన్. సీబీఎస్ఈతో సమానంగా నడుస్తాం, పిల్లలు ప్రైవేటుకు పోకుండా ఆగుతారు అని సమర్థించినవాళ్లు చెప్పారు.

అప్పటికే ఒంటిపూట బడులు. మా అక్క కూతురు ఏడో తరగతిలోకి వచ్చింది గానీ చేతిలో ఉన్నవి ఆరో తరగతి పుస్తకాలే. పన్నెండున్నరకి గంట కొట్టాక బడిలోనే అన్నం తిని, నెత్తిన చున్నీ కప్పుకుని కిలోమీటరున్నర నడిచి ఇంటికొచ్చేసరికి మొహం కందిపోయేది, వారం తిరక్కుండానే అక్క మానిపించేసింది. సగం బెంచీలు ఖాళీగానే ఉంటున్నాయని పిల్ల చెప్పేది. ఉండవా మరి? పనులకి వలసపోయిన ఇళ్లవాళ్లు తొలకరికి గానీ ఊరికి రారు, వాళ్ల పిల్లలకి మార్చిలో కొత్త క్లాసు మొదలైందన్న కబురైనా అందదు. ఎండలు ముదిరి ఆఖరికి ఏప్రిల్ 16 నుంచే సెలవులిచ్చేశారు. మరుసటి ఏడూ అలాగే మొదలుపెట్టారు, ఆ తర్వాత ఆ పద్ధతి నిలవలేదు.

2019లో జూన్ 1న తెరవాలనుకుని, వడగాలులకి జడిసి 12కి జరిపారు. ఇప్పుడు అందరి నోటా వినిపించే ఆ 12 అలా ఖాయమవుతూ వచ్చిందే. ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ దెబ్బకి 2022లో జూలై 5 దాకా పోయింది, 2024లో 13న తెరిచారు, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ 12నే.

ఏప్రిల్‌తో పోల్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. స్కూళ్లు ఏప్రిల్ 1 కన్నా ముందే పాఠాలు మొదలుపెట్టేస్తుంటే, అలా చేయొద్దని 2023 మార్చిలో సీబీఎస్ఈ బోర్డే హెచ్చరించాల్సి వచ్చింది. ఈ పోటీలో పడితే మనం ఏ తేదీ దగ్గర ఆగాలి?

మహారాష్ట్ర చాలాకాలంగా ఎండని బట్టే నడుస్తోంది. 2025లో మిగతా రాష్ట్రమంతా జూన్ 16న బడులు తెరిస్తే, విదర్భలో 23న తెరిచారు. పెన్‌గంగ అవతల చంద్రపూర్, యవత్మాల్ పిల్లలు ఇంకా ఇంటి పట్టునే ఉన్నారు. అదే ఎండలో, నదికి ఇవతల మన ఆదిలాబాద్ పిల్లలు అప్పటికి పదకొండు రోజుల ముందే సంచులు భుజాన వేసుకుని బడికి బయల్దేరారు.