కచేరీలో కుక్క ఎక్కడుంది?

చిన్నూ, బుజ్జీ,

వచ్చే శనివారం అమ్మ మిమ్మల్ని కచేరీకి తీసుకెళ్తోందట కదా. "రెండు గంటలు ఫిడేళ్లు వింటూ కూర్చోవాలా తాతయ్యా, బోర్!" అని చిన్నూ ఫోన్లో అప్పుడే సణిగాడు. అందుకే ఈ ఉత్తరం.

మీరు వినబోయేవి ఎనిమిది ఋతువులు. మనకి ఆరైతే వాళ్లకి నాలుగే. కానీ ఆ నాలుగింటినీ ఇద్దరు కట్టారు. మొదటాయన వివాల్డి, వెనిస్ నగరంవాడు. ఆయన 'నాలుగు ఋతువులు' అచ్చయింది 1725లో. ఒక్కో ఋతువుకీ ఒక పద్యం జతచేసి, ఏ మాట ఎక్కడ వినిపించాలో స్వరాల దగ్గరే రాసిపెట్టాడు.

వసంతంలో రెండో భాగం జాగ్రత్తగా వినండి. మేకల కాపరి పచ్చికలో నిద్రపోతుంటాడు. ముందు నిలబడి వాయించే ఫిడేలు అతని నిద్ర. వెనకున్న ఫిడేళ్లు ఆకుల సవ్వడి. పక్కనే అతని కుక్క! వయోలా అని ఒకటుంటుంది, ఫిడేలు కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. ఆ భాగం అయిపోయేదాకా అది "భౌ భౌ" అంటూనే ఉంటుంది. దాన్ని బాగా గట్టిగా, పీకినట్టు వాయించాలని వివాల్డి రాశాడు. కొందరు మర్యాదకి పోయి మెల్లగా వాయిస్తారు. నాకైతే కుక్క కుక్కలాగే మొరగాలి.

రెండో ఆయన అర్జెంటీనాకి చెందిన పియాసోలా. టాంగో అనే అక్కడి నాట్య సంగీతం ఆయనది. 1965లో వేసవితో మొదలుపెట్టి, 1970 కల్లా తన బ్యూనస్ ఏర్స్ ఊరికి నాలుగు ఋతువులూ పూర్తిచేశాడు, అదీ ఐదుగురు వాయించడానికి. 1990లలో దెస్యాత్నికోవ్ అనే స్వరకర్త వాటిని ఒక ఫిడేలుకీ, తీగ వాద్యాల బృందానికీ తిరగరాస్తూ మధ్యమధ్య వివాల్డి ముక్కలు దూర్చాడు. అక్కడే ఉంది అల్లరంతా. బ్యూనస్ ఏర్స్ భూమధ్యరేఖకి దిగువన ఉంది, అక్కడ క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుంది. అందుకని పియాసోలా వేసవిలో వివాల్డి చలికాలం వినిపిస్తుంది! మొదటిసారి పట్టుకున్నప్పుడు ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను, మీ బామ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

ఇంకోటి. గరగరమని కీచురాయి అరిచినట్టు వినిపిస్తే ఫిడేలు పాడైందనుకోకండి. నేను స్పీకరు పోయిందేమోనని వైర్లు పీకి చూశాను. తీగల కిందుండే చెక్క బ్రిడ్జికి అవతలివైపు కమానుతో గీకితే వచ్చే చప్పుడది. టాంగో వాళ్లకి అది మామూలే.

కుక్క వినిపించగానే నాకు ఫోన్ చేయకండి, హాల్లో అందరూ తిరిగి చూస్తారు. ఇంటికొచ్చాక చేయండి, ఎంత రాత్రైనా మేలుకునే ఉంటాను.

మీ
తాతయ్య