లైట్లు వెంట తీసుకెళ్ళిన జట్టు: కేన్సస్ సిటీ మోనార్క్స్

2024 మే నెలాఖరులో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ తన రికార్డులను తిరగరాసింది. నల్లజాతి ఆటగాళ్ళ కోసం ఒకప్పుడు వేరుగా నడిచిన నీగ్రో లీగుల్లో ఆడిన 2,300 మందికి పైగా ఆటగాళ్ళ లెక్కలు వాటిలో చేరాయి. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో (బ్యాటింగ్ అవకాశాల్లో ఎంత వంతు హిట్లు కొట్టాడో చెప్పే లెక్క) టై కాబ్ (.367) రెండో స్థానానికి దిగి, జాష్ గిబ్సన్ (.372) మొదటికి వచ్చాడు. గిబ్సన్ 1947 జనవరిలో, 35 ఏళ్ళకే చనిపోయాడు. చర్మం రంగు చూసి మేజర్ లీగ్‌లో అతన్ని ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. ('నీగ్రో' అన్నది ఆనాటి లీగుల అధికారిక పేరు కాబట్టి అలాగే రాస్తున్నాను.)

వాళ్ళ లెక్కలు ఇన్నాళ్ళూ బయట ఎందుకు ఉండిపోయాయో తెలియాలంటే, మిస్సోరీ రాష్ట్రంలోని కేన్సస్ సిటీ మోనార్క్స్ కథ తెలుసుకోవాలి.

నల్లవాళ్ళను ఆడనివ్వకూడదని మేజర్ లీగుల్లో రాసిపెట్టిన రూలేమీ లేదు. 1884లో మోసెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టుకు ఆడాడు కూడా. ఆ తర్వాత యజమానులంతా లోపాయికారీగా ఒక్కటై తలుపులు మూసేశారు. అవి అరవై ఏళ్ళు తెరుచుకోలేదు. అందుకే 1920 ఫిబ్రవరిలో షికాగోలోని నల్లజాతి జట్టు యజమాని రూబ్ ఫాస్టర్ ముందుండి, కేన్సస్ సిటీలోని వైఎంసీఏ భవనంలో నీగ్రో నేషనల్ లీగ్‌కు శ్రీకారం చుట్టాడు. ఆ లీగ్ మొదటి జట్లలో మోనార్క్స్ ఒకటి. దాని యజమాని జె.ఎల్. విల్కిన్సన్ తెల్లవాడు. నాలుగేళ్ళకే, 1924లో, హిల్‌డేల్ జట్టును ఓడించి మోనార్క్స్ మొట్టమొదటి నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది.

ఊళ్ళో ఆ జట్టంటే ఎంత అభిమానమో ఒక్క సంగతి చాలు. సీజన్ మొదలయ్యే ఆదివారం నల్లవాళ్ళ చర్చిల్లో ప్రార్థన ఓ గంట ముందే ముగించేవాళ్ళు. ఆడా మగా చర్చికి వేసుకొచ్చిన మంచి బట్టల్లోనే, టోపీలతో సహా, నేరుగా స్టేడియానికి వెళ్ళేవాళ్ళు.

తర్వాత ఆర్థికమాంద్యం వచ్చింది. జనం చేతుల్లో డబ్బు లేదు, పగటిపూట ఆట చూసే తీరికా లేదు. విల్కిన్సన్ ఉన్నదంతా తాకట్టు పెట్టి, ట్రక్కుల మీద తిప్పగలిగే లైట్లు చేయించాడు. సాయంత్రమయ్యేసరికి ట్రక్కులు మైదానం చుట్టూ నిలిచేవి, స్తంభాలు పైకి లేచేవి, పెట్రోలు జనరేటర్ చెవులు చిల్లులు పడేలా మోగేది. బంతి లైట్లకంటే పైకి లేస్తే చీకట్లో కలిసిపోయేది. అయినా జనం విరగబడి వచ్చారు. ఇది 1930 నాటి మాట. మేజర్ లీగ్‌లో మొదటి రాత్రి మ్యాచ్ జరిగింది 1935లో! ఏ హంగూ లేని జట్టు ఐదేళ్ళ ముందే చేసి చూపించిందని చెప్పుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా అనిపిస్తుంది.

లీగ్ మ్యాచ్‌లతో పొట్ట నిండదు కాబట్టి బస్సులో ఊరూరా తిరిగి ఆడేవాళ్ళు. చాలా ఊళ్ళలో హోటల్ గది ఇవ్వరు, భోజనం పెట్టరు. 1945లో జట్టులోకి కొత్తగా జాకీ రాబిన్సన్ అనే కుర్రాడు వచ్చాడు. ఓక్లహోమాలో పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగినప్పుడు, బాత్రూమ్ వాడనివ్వనని బంకువాడు అంటే, బస్సులో పెట్రోలు పోస్తున్న పైపు తీసేయమన్నాడట రాబిన్సన్. బంకువాడు అంత పెద్ద బేరం వదులుకోలేక దారిచ్చాడని జట్టువాళ్ళు తర్వాత కథలు కథలుగా చెప్పుకునేవారు.

ఆ ఏడాదే బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ అతన్ని తీసుకెళ్ళిపోయాడు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. మోనార్క్స్‌కు మాత్రం రికీ ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. మరో నీగ్రో లీగ్ జట్టు నెవార్క్ ఈగిల్స్‌ను నడిపిన ఎఫా మాన్లీ మాత్రం ఊరుకోలేదు. తన ఆటగాడు లారీ డోబీని వదులుకున్నందుకు మేజర్ లీగ్ జట్టు క్లీవ్‌లాండ్ దగ్గర 15,000 డాలర్లు రాబట్టింది.

తలుపులు తెరుచుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆటగాళ్ళను తీసుకుని, వాళ్ళను తయారుచేసిన జట్లను గాలికి వదిలేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. శాచెల్ పేజ్, ఎర్నీ బ్యాంక్స్, ఎల్‌స్టన్ హోవర్డ్ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. వాళ్ళతోపాటే ప్రేక్షకులూ అటు మళ్ళారు. 1965 నాటికి మోనార్క్స్ మూతపడింది. ఇప్పుడు రికార్డుల్లో చేరినవి కూడా లీగ్ మ్యాచ్‌ల లెక్కలే. ఊరూరా తిరిగి ఆ లైట్ల కింద ఆడిన ఆటలు వాటిలో లేవు.

ఆ జట్టుకు ఆటగాడిగా, మేనేజర్‌గా పనిచేసిన బక్ ఓనీల్ జీవితాంతం ఈ కథలు చెబుతూ తిరిగాడు. 2006లో నల్లజాతి బేస్‌బాల్‌కు చెందిన 17 మందిని బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేశారు. వాళ్ళలో విల్కిన్సన్, ఎఫా మాన్లీ ఉన్నారు, ఓనీల్ పేరు లేదు. అయినా ఆ వేడుకకు వెళ్ళి, చనిపోయిన ఆ పదిహేడుమంది తరఫున ఆయనే మాట్లాడాడు. అప్పటికి ఆయనకు 94 ఏళ్ళు. అదే ఏడాది అక్టోబరులో కన్నుమూశాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దొరికింది 2022లో.