తాతయ్య నడిచిన దారి

2009లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలో ఒక మగ చిరుతపులి బావిలో పడింది. అటవీశాఖ వాళ్లు దాన్ని పైకి తీశారు. మెడకు అది ఎక్కడ తిరుగుతోందో తెలిపే జీపీఎస్ కాలర్ కట్టి మాల్షేజ్ ఘాట్ అడవిలో వదిలారు. వయసు మళ్లిన జంతువు కావడంతో పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం దాన్ని 'ఆజోబా' అని పిలుచుకుంది. మరాఠీలో తాతయ్య అని అర్థం.

ఆజోబా అక్కడ ఆగలేదు. నెల తిరిగేలోపే 120 కిలోమీటర్ల దాకా నడిచి, ముంబైని ఆనుకుని ఉన్న సంజయ్ గాంధీ నేషనల్ పార్కుకు చేరింది. దారిలో ముంబై-ఆగ్రా హైవే దాటింది. కసారా స్టేషన్ దగ్గర రైలు పట్టాలు దాటింది. వసాయి దగ్గర సముద్రపు పాయ ఈదింది. ఒక్క మనిషి జోలికి కూడా పోలేదు.

అంత పెద్ద జంతువు ఊళ్ల పక్కనుంచి ఎవరి కంటా పడకుండా ఎలా పోయింది? దాని ఒళ్లే అలాంటిది. బంగారు పసుపు మీద ఉన్న నల్లమచ్చలను దగ్గర్నుంచి చూడండి. అవి ఉత్త చుక్కలు కావు, మధ్యలో కాస్త ముదురు రంగు నిండిన గులాబీ రేకుల్లాంటి వలయాలు. చెట్టుకింద ఎండా నీడా కలిసి పడ్డచోట అది కదలకుండా పడుకుంటే పది అడుగుల దూరంలో ఉన్నా కనబడదు. ఏ రెండు చిరుతలకూ ఈ వలయాలు ఒకేలా ఉండవు కాబట్టి, అడవిలో జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే ట్రాప్ కెమెరాలతో వాటిని విడివిడిగా లెక్కపెడతారు. 2022 అంచనా ప్రకారం దేశంలో 13,874 చిరుతలు ఉన్నాయి. వాటిలో 569 ఆంధ్రప్రదేశ్‌లో, 297 తెలంగాణలో. రాత్రిపూట పొదల్లోంచి రంపంతో కట్టె కోస్తున్నట్టు 'ఘర్ర్ ఘర్ర్' అని వినిపిస్తే అది దాని పిలుపే.

పులికి పెద్ద అడవి, పెద్ద దుప్పి కావాలి. చిరుత సర్దుకుపోతుంది. కణితి పిల్ల, కొండముచ్చు, నెమలి, చివరికి ఎలుకైనా సరే. అదే అహ్మద్‌నగర్ జిల్లాలోని అకోలే చెరకుతోటల్లో బతికే చిరుతల పెంటికలను పరీక్షిస్తే, అవి తిన్న మాంసంలో 39 శాతం కుక్కలదే అని తేలింది. అక్కడ తల్లులు చెరకు మళ్లలోనే పిల్లల్ని పెడతాయి. ఆ కూనలు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు తల్లి వెంటే తిరిగి వేట నేర్చుకుంటాయి.

కనబడ్డ చిరుతనల్లా పట్టి దూరంగా వదిలేస్తే పోదా అని మనకు అనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. మహారాష్ట్రలోనే పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో అదే చేశారు. మనుషుల మీద దాడులు తగ్గకపోగా, ఏడాదికి సగటున 4 ఉన్నవి 17కి పెరిగాయి. ఎందుకంటే తెలిసిన చోటు పోగొట్టుకున్న జంతువు కొత్తచోట దిక్కుతోచక తిరుగుతుంది, ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి ఇంకో చిరుత వచ్చి చేరుతుంది.

2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. ఆ వార్త చదివిన రోజు ఎవరికి మాత్రం నిద్రపట్టింది? అంతకు రెండు నెలల ముందే అదే దారిలో ఒక చిన్నబాబును ఎత్తుకెళ్తే, అదృష్టం బాగుండి ప్రాణాలతో దక్కాడు. శేషాచలం కొండలు చిరుతల సొంత ఇల్లు. నిలబడ్డ పెద్దమనిషి దాని కంటికి వేటలా ఆనడు. మేకపిల్ల ఎత్తున ఉండే పిల్లలు, చీకట్లో వంగి కూర్చున్నవాళ్లు అలా కాదు. అందుకే మెట్ల మీద భక్తులను గుంపులుగా పంపడం, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని ఆపేయడం మొదలుపెట్టారు. దారి పక్కన పారేసిన తిండి కోసం కుక్కలూ పందులూ చేరతాయి, వాటి వాసన పట్టుకుని చిరుత వస్తుంది. పిల్లలు పెద్దవాళ్ల మధ్యలో, చెయ్యి పట్టుకుని నడవాలి. పరుగెత్తి ముందుకు పోకూడదు, వెనక పడిపోకూడదు.